నీడనిచ్చిన బడి: అండమాన్ నికోబార్ దీవుల్లో నిరాశ్రయ బాలల చదువు చరిత్ర

నిలకడగా తలదాచుకునే ఇల్లు లేకుండా పెరిగే పిల్లలను నిరాశ్రయ బాలలు అంటారు. ఆ మాట వినగానే మహానగరాల కాలిబాటలు, రైల్వే ప్లాట్‌ఫారాలు గుర్తుకు రావడం సహజమే గాని, బంగాళాఖాతంలోని అండమాన్ నికోబార్ దీవుల చరిత్రలో నిరాశ్రయత చాలావరకు ఒక్కొక్క కుటుంబానికి విడివిడిగా వచ్చిన కష్టంగా కాక, ఊళ్లకు ఊళ్లు, తెగలకు తెగలు ఒక్కసారిగా అనుభవించిన విపత్తుగా కనిపిస్తుంది. అడవిని కోల్పోయిన ఆదివాసుల సంతానం, ద్వీపాంతర శిక్షపడిన ఖైదీల సంతానం, దేశవిభజన తరిమిన కాందిశీకుల సంతానం, 2004 సునామీలో ఊళ్లు పోగొట్టుకున్న నికోబారీల సంతానం ఈ దీవుల్లో తరతరాలుగా ఇంటి కోసం ఎదురుచూశారు. ప్రతి సందర్భంలోనూ ప్రభుత్వమో మతసంస్థో ముందుగా తలపెట్టిన పనుల్లో బడి ఒకటి. ఆ ప్రయత్నాలను వరుసగా పరిశీలిస్తే ఒక సంగతి తేటపడుతుంది. బిడ్డను తనవాళ్ల నుంచి విడదీసిన బడి ఎంత సదుద్దేశంతో వెలసినా మేలు చేయలేకపోయింది. తనవాళ్ల మధ్యకే నడిచివెళ్లి, వారి భాషకూ బంధుత్వానికీ చోటిచ్చిన బడి మాత్రం ఇల్లు లేని రోజుల్లో పిల్లలకు నిజమైన ఆసరాగా నిలిచింది.

1857 తిరుగుబాటు అణగారిన తరువాత, శిక్షపడినవారిని దేశానికి దూరంగా ఉంచే ఉద్దేశంతో బ్రిటిష్ ప్రభుత్వం 1858 మార్చి 10న డాక్టర్ జె. పి. వాకర్ ఆధ్వర్యంలో 200 మంది ఖైదీలను పోర్ట్ బ్లెయిర్ రేవులో దింపింది. ఖైదీల వలస, అంటే శిక్షాకాలాన్ని పనిచేస్తూ గడిపే జైలు స్థావరం, విస్తరించిన కొద్దీ అడవి తరిగి, ఆ తీరాల్లో వేట మీదా చేపల మీదా బతికే గ్రేట్ అండమానీ తెగలకు నిలువనీడ కరవైంది. వారిని మచ్చిక చేసుకునేందుకు పాదిరి హెన్రీ కార్బిన్ 1863లో రాస్ దీవిలో ‘అండమాన్ హోమ్’ పేరిట ఒక నివాసాన్ని ఏర్పరచాడు. తిండి పెట్టి, బట్టలు తొడిగి, ఇంగ్లీషు మాటలు నేర్పి, తెగవారిని నాగరికులను చేయాలన్నది దాని ఉద్దేశం. కొన్నేళ్లకు అండమానీ పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక అనాథాశ్రమం కూడా వెలిసింది.

ఆ పిల్లలకు బడి దొరికింది గాని, చెట్టునూ చేపనూ నేర్పే పెద్దలు, రాత్రి పాటలు, వేట నడకలు దూరమయ్యాయి. అంతకన్నా ఘోరంగా, బయటి మనుషులతో ఒకేచోట మసలడం వల్ల ఎన్నడూ ఎరగని రోగాలు తెగల్లోకి పాకాయి. 1877లో తట్టు సోకి ఎందరో చనిపోయారు. అండమాన్ హోమ్‌లో పుట్టిన 150 మంది శిశువుల్లో ఒక్కరు కూడా రెండేళ్లకు మించి బతకలేదని చరిత్రకారులు చెబుతారు. ఒకనాడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1901 జనగణన నాటికి 625 మందికి, 1961 నాటికి కేవలం 19 మందికి తగ్గిపోయారు. ఆశ్రయం పేరుతో సమూహాన్ని విడదీస్తే పిల్లలకు జరిగే హానికి ఈ దీవుల చరిత్రలో ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ లేదు.

ఖైదీల పిల్లల కథ వేరుగా సాగింది. నిర్ణీత కాలం సత్ప్రవర్తనతో గడిపిన ఖైదీకి స్వయంపోషక ఖైదీగా టికెట్టు ఇచ్చేవారు. అటువంటివాడు బారకాసు వదిలి, ప్రభుత్వం చూపిన పల్లెలో సాగో చేతిపనో చేసుకుంటూ, స్వదేశం నుంచి భార్యను రప్పించుకోవచ్చు, లేదా శిక్ష అనుభవిస్తున్న స్త్రీని అనుమతితో పెళ్లాడవచ్చు. ఈ దంపతులకు పుట్టిన పిల్లలు చట్టప్రకారం స్వతంత్రులే. అయితే తాతల ఊరంటూ చెప్పుకునేందుకు వారికి చోటు లేదు. కులం, మతం, ప్రాంతం కలగలిసిన ఇళ్లలో పెరిగి, హిందుస్తానీని ఇంటిభాషగా చేసుకుని, ‘లోకల్ బోర్న్’ అనే కొత్త సమాజంగా రూపొందారు. వలస అధికారులు వీరికోసం ప్రాథమిక పాఠశాలలు నడిపారు. ఖైదీ తండ్రుల నీడ పిల్లల మీద పడకుండా చూడాలన్న ఆలోచన ఆ బడుల వెనుక ఉన్నప్పటికీ, పిల్లలు తల్లిదండ్రుల ఇళ్ల నుంచే వచ్చి వెళ్లేవారు కాబట్టి కుటుంబం చెదరలేదు. దేశం నలుమూలల నుంచి వచ్చినవారి పిల్లలు ఒకే బల్ల మీద, ఒకే భాషలో చదువుకోవడం వల్ల ఈ సమాజానికి ఒక ఉమ్మడి ఉనికి ఏర్పడింది.

నికోబార్ దీవుల్లో చదువు మొదలైన తీరు ఈ రెండు అనుభవాల మధ్య తేడాను స్పష్టంగా చూపిస్తుంది. మద్రాసు ప్రాంతం నుంచి వచ్చిన తమిళ మతబోధకుడు వేదప్పన్ సాల్మన్ మొదట పోర్ట్ బ్లెయిర్‌లోని అనాథాశ్రమంలో పనిచేశాడు. 1890ల మధ్యకాలంలో ఆయన కార్ నికోబార్ దీవిలోని మూస్ గ్రామానికి వెళ్లి, నికోబారీ ఇళ్ల నడుమనే స్థిరపడి బడి తెరిచాడు. పిల్లలను సముద్రం దాటించి ఆశ్రమానికి తెచ్చే పద్ధతి పోయి, బడే పిల్లల దగ్గరకు చేరే పద్ధతి వచ్చింది. సాల్మన్ శిష్యుడైన నికోబారీ బాలుడు జాన్ రిచర్డ్‌సన్ బర్మాలోని మాండలేలో పైచదువు చదివి, తన ఊరికే ఉపాధ్యాయుడిగా తిరిగివచ్చాడు. కార్ నికోబారీ భాషను రోమన్ లిపిలో రాసి, కొత్త నిబంధనను అందులోకి అనువదించి, ఆ భాషకు రాతరూపం కల్పించినవారిలో ముఖ్యుడయ్యాడు. 1950లో బిషప్పుగా అభిషిక్తుడైన ఆయనను మొదటి లోక్‌సభకు ఈ దీవుల ప్రతినిధిగా నియమించారు. ఊరిని వదలకుండానే చదువుకోవచ్చునని, చదువుకున్నవాడు ఊరికే తిరిగి రావచ్చునని నికోబారీలు ఆయన జీవితంలో చూశారు.

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో ప్రభుత్వం మాత్రం ఇందుకు వ్యతిరేకమైన దారి పట్టింది. 1911 నాటి నేరస్త తెగల చట్టం కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేసి, వారి పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణ పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. తెలుగునాట 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన స్టూవర్టుపురం ఎరుకల సెటిల్‌మెంటు అటువంటి విధానంలో భాగమే. అదే సంస్థ 1926లో సంయుక్త రాష్ట్రాల నుంచి, అంటే నేటి ఉత్తరప్రదేశ్ నుంచి, అదే ముద్ర పడిన భాంతు కుటుంబాలను దక్షిణ అండమాన్‌లోని ఫెరార్‌గంజ్ ప్రాంతానికి చేర్చింది. ద్వీపాల్లో సాగుభూమి చేతికందడంతో భాంతులు తరం మారేసరికి రైతులై, ఉద్యోగులై, మిగిలిన ద్వీపవాసుల్లో కలిసిపోయారు. ముద్ర చెరిగిపోయేందుకు తోడ్పడినవి పొలం, ఊరు, అందరితో కలిసి చదివే బడి.

1942 మార్చిలో జపాన్ సేనలు దీవులను ఆక్రమించుకున్నాయి. 1945 దాకా సాగిన ఆ పాలనలో ఆకలి, గూఢచర్యం పేరిట హింసలు, సామూహిక హత్యలు జరిగి ఎన్నో ఇళ్లు పెద్దదిక్కును కోల్పోయాయి. పోర్ట్ బ్లెయిర్ గురుద్వారాను కేంద్రం చేసుకుని ప్రజాసేవ సాగించిన కవి, వైద్యుడు దివాన్ సింగ్‌ను 1944 జనవరిలో చిత్రహింసలు పెట్టి చంపారు. యుద్ధం ముగిశాక ఖైదీల వలస రద్దయింది. శిక్ష తీరినవారిలో స్వదేశానికి వెళ్లేవారు వెళ్లగా, పుట్టినిల్లు ఈ దీవులే అయినవారు ఇక్కడే మిగిలిపోయారు.

స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద పునరావాసం 1949 మార్చిలో మొదలైంది. తూర్పు బెంగాల్ నుంచి తరలివచ్చి కలకత్తా శిబిరాల్లో మగ్గుతున్న కాందిశీక కుటుంబాల్లో రెండు వందల లోపు కుటుంబాలు మొదటి విడతగా ఓడలో పోర్ట్ బ్లెయిర్ చేరాయి. తరవాతి ఏళ్లలో దక్షిణ అండమాన్, రంగత్, మాయాబందర్, డిగ్లిపూర్, హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వేలాది కుటుంబాలు స్థిరపడ్డాయి. ఒక్కో కుటుంబానికి అయిదు ఎకరాల వరిభూమి, అయిదు ఎకరాల మెట్టభూమి చొప్పున ఇచ్చి, అడవి కొట్టి మొదటి పంట తీసేదాకా జీవనభృతి ఇచ్చేవారు. శిబిరంలో ఏళ్ల తరబడి బతికిన పిల్లవాడికి ఇక్కడ మొదట కనిపించినది మొదళ్లు మిగిలిన నేల, జలగలు, ఎడతెగని వాన. ఊళ్లకు రాధానగర్, గోవిందనగర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్ అని పేర్లు పెట్టుకుని, వెంటనే బడి అడిగారు. బెంగాలీ మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు ఒక్కో పల్లెలో వెలిశాయి. పోర్ట్ బ్లెయిర్‌లో రవీంద్ర బంగ్లా విద్యాలయం ఉన్నత తరగతుల దాకా ఆ భాషను నిలబెట్టింది. తల్లిభాషలో చదువు, ఇంటికి నడిచివెళ్లేంత దూరంలో బడి, ఇంటికి పట్టా ఉన్న భూమి, ఈ మూడూ ఒకేసారి అందడం వల్లనే కాందిశీకుల రెండో తరం ద్వీప సమాజంలో నిలదొక్కుకుంది.

ఆ మూడింటిలో ఒకటి లేకపోతే ఏమవుతుందో రాంచీ కూలీల చరిత్ర చెబుతుంది. 1918 ప్రాంతం నుంచి అడవి పనుల కోసం రాంచీ పరిసరాల్లోని చోటానాగ్‌పూర్ ఆదివాసులను కాథలిక్ మిషన్ ద్వారా రప్పించేవారు. చెట్లు కొట్టే శిబిరం కదిలిన చోటుకల్లా వారూ కదిలేవారు. కాలక్రమంలో అడవి అంచున గుడిసెలు వేసుకుని నిలిచిపోయిన కుటుంబాలను ప్రభుత్వ దస్తావేజులు ఆక్రమణదారులుగానే చూశాయి. 1978కి ముందునుంచి ఉన్న కొన్ని ఆక్రమణలను క్రమబద్ధం చేసినా, ఆ తరవాతివాటిని తొలగించాలని, తాను నియమించిన శేఖర్ సింగ్ కమిషన్ సిఫార్సుల మేరకు సుప్రీంకోర్టు 2002 మే 7న ఆదేశించింది. అడవిని కాపాడేందుకు ఆ ఉత్తర్వు అవసరమే గాని, గుడిసెలో పుట్టిన బిడ్డకు చిరునామా లేకుండా పోవడం దాని మరో ముఖం. ఈ కుటుంబాల పిల్లలకు చాలాకాలం మిషన్ బడులే ఆధారమయ్యాయి.

తెలుగువారి స్థితి కొంత భిన్నం. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు యాభై వేలకు పైగా, అంటే మొత్తం జనాభాలో దాదాపు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చిన మత్స్యకారులు పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడ్డారు. సముద్రపు ఒడ్డున కట్టుకున్న ఇళ్లు, అద్దె గదులు, వేట కాలాన్ని బట్టి మారే బతుకు, విశాఖ ఓడ ఎక్కి వెళ్లి మళ్లీ వచ్చే కుటుంబాలు వీరి జీవితంలో మామూలే. అటువంటి పిల్లలకు బడి మారడం, సంవత్సరం మధ్యలో చదువు ఆగిపోవడం పెద్ద సమస్య. ప్రభుత్వం తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడపడం వల్ల, కొత్తగా దిగిన పిల్లవాడు హిందీ రాకపోయినా తరగతిలో కూర్చోగలిగాడు. పాఠశాల ఆ వాడకు తెలుగువారు కలుసుకునే చోటు కూడా అయింది.

2004 డిసెంబరు 26 ఆదివారం, క్రిస్మస్ మరునాడు. ఉదయం ఆరున్నర సమయంలో సుమత్రా దగ్గర సముద్రగర్భంలో వచ్చిన 9.1 తీవ్రత భూకంపం నికోబార్ దీవులను కుదిపి, వెంటనే కెరటాలను తెచ్చింది. నికోబారీ గ్రామంలో ఒడ్డుకు దగ్గరగా ‘ఎల్‌పనం’ అనే ఊరుమ్మడి స్థలం ఉంటుంది. పండుగలు, విందులు, పడవ పందేలు, చావుపుట్టుకల తంతులు అక్కడే జరుగుతాయి. క్రిస్మస్ వారంలో ఊరంతా తీరాన ఉన్న ఆ ఉదయమే సముద్రం లోపలికి వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే ఈ దీవుల్లో మూడున్నర వేల మందికి పైగా మరణించారు లేదా కనిపించకుండా పోయారు. కార్ నికోబార్‌లో మలక్కా వంటి గ్రామాలు నేలమట్టమయ్యాయి. కట్చాల్‌లో ప్రాణనష్టం మరీ ఎక్కువ. ట్రింకెట్ దీవి చీలిపోయి నివాసయోగ్యం కాకుండా పోగా, అక్కడివారు కమోర్టాలోని వికాస్ నగర్‌కు తరలివెళ్లారు. చౌరా ప్రజలను కొంతకాలం టెరెస్సాకు తరలించారు. 2001లో 42,068 ఉన్న నికోబార్ జిల్లా జనాభా 2011 నాటికి 36,842కు తగ్గింది. పాఠశాల భవనాలతో పాటు ఉపాధ్యాయులనూ, పుస్తకాలనూ, హాజరు పట్టీలనూ కెరటం తీసుకుపోయింది.

తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు ప్రభుత్వ పథకం కంటే ముందు అండగా నిలిచినది ‘తుహెత్’. తుహెత్ అంటే ఒకే వంశానికి చెందిన అనేక కుటుంబాలు కొబ్బరితోటనూ పందులనూ వంటనూ పంచుకునే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ. అందులో పిన్నమ్మలు, పెదనాన్నలు, మేనమామల ఇళ్లన్నీ పిల్లవాడివే కాబట్టి, తల్లీతండ్రీ పోయినా అతడు అనాథ కాలేదు. బయటివారు దత్తతకో ఆశ్రమానికో తీసుకువెళ్లవలసిన అవసరం లేదని నికోబారీ పెద్దలు భావించింది ఇందుకే. పోర్ట్ బ్లెయిర్‌లోనూ ముఖ్యభూమిలోనూ వసతి గృహాల్లో చేరిన పిల్లలూ ఉన్నారు. వారికి చదువు అందింది గాని, తోటపని, పడవపని, సొంతభాషలోని మాటలు వెనకబడ్డాయని పెద్దలు బాధపడ్డారు.

దీవుల్లోనే ఉండిపోయిన పిల్లలకు గుడారాల్లోనూ తాత్కాలిక షెడ్లలోనూ తరగతులు మొదలయ్యాయి. కుటుంబాలకు మధ్యంతర ఆవాసాలు, అంటే శాశ్వత ఇళ్లు కట్టేదాకా ఉండేందుకు రేకుల ఇళ్లు, ఇచ్చారు. వెదురు, చెక్క, తాటాకులతో నేలకు ఎత్తున గుండ్రంగా కట్టుకుని, అడుగున గాలి ఆడే ఇళ్లలో పుట్టిన పిల్లలు ఆ రేకుల మధ్య ఏళ్ల తరబడి పెరిగారు. మధ్యాహ్నపు ఎండకు లోపల కూర్చోవడం కష్టం. వాన పడితే పక్కనున్నవారి మాట వినపడనంత మోత. రాత్రి పుస్తకం తెరిచేందుకు వెలుతురు చాలదు. తరవాత దీవులంతటా 9,700కు పైగా శాశ్వత గృహాలు కట్టారు. అవి భూకంపాన్ని తట్టుకునేవే అయినా, ఒక్కో చిన్న కుటుంబానికి ఒక్కో ఇల్లు చొప్పున వరుసగా నిలపడం, పరిహారాన్ని విడివిడి బ్యాంకు ఖాతాల్లో వేయడం వల్ల తుహెత్ పట్టు సడలింది. పిల్లల్ని కాపాడిన వ్యవస్థనే పునరావాసం బలహీనపరచిందన్నది ఈ విపత్తు తరవాతి అనుభవాల్లో ముఖ్యమైనది.

ఇటువంటి పిల్లలకు చట్టం ఇచ్చే రక్షణ ఈ శతాబ్దంలో గణనీయంగా పెరిగింది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ చదువును ప్రాథమిక హక్కు చేయగా, 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హామీ ఇచ్చింది. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండరాదని, మధ్యలో ఆగిన పిల్లవాణ్ణి వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని, వలస కుటుంబాల పిల్లల చేరిక స్థానిక సంస్థల బాధ్యత అని ఆ చట్టం చెబుతుంది. ఇల్లు గాని స్థిరనివాసం గాని లేని బాలలను ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు’గా 2015 బాలల న్యాయ చట్టం గుర్తించింది. కుటుంబంలో ఉంచడమే మొదటి మార్గమని, సంస్థలో ఉంచడం చివరి మార్గమని ఆ చట్టం పెట్టిన నియమం, అండమాన్ హోమ్ నేర్పిన పాఠానికి నూటయాభై ఏళ్ల తరవాత దొరికిన చట్టరూపం.

ప్రపంచంలోనూ ఆలోచన ఈ వైపే సాగింది. అమెరికాలో 1987లో వచ్చి, తరవాత మెకిన్నీ–వెంటో పేరుతో స్థిరపడిన చట్టం నిరాశ్రయ బాలుడు ఎక్కడికి మారినా పాత బడిలోనే కొనసాగే హక్కును, పత్రాలు లేకపోయినా వెంటనే చేర్చుకునే బాధ్యతను నిర్దేశించి, ప్రతి విద్యాజిల్లాలో ఈ పిల్లల కోసం ఒక అధికారిని నియమించమంది. తెలుగునాట రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల నుంచి నడిపిన వసతి శిబిరాలు, పని మానిపించి తెచ్చిన పిల్లలకు కొన్ని నెలలు చదువు చెప్పి, తిరిగి తమ ఊరి ప్రభుత్వ పాఠశాలలోనే చేర్పించాయి. వసతి ఒక వంతెన మాత్రమే. చేరవలసిన గట్టు ఊరి బడేనన్నది ఆ పద్ధతి సారం.

గ్రేట్ నికోబార్‌లో ఈ ప్రశ్న నేటికీ సజీవంగా ఉంది. పశ్చిమ, దక్షిణ తీరాల్లోని చింగెన్, పులో బాహా, కోకియోన్ వంటి గ్రామాల నుంచి సునామీ తరవాత తరలించిన నికోబారీలు క్యాంప్‌బెల్ బే సమీపంలోని రాజీవ్ నగర్, న్యూ చింగెన్ కాలనీల్లో ఉండిపోయారు. పూర్వపు ఊళ్లకు వెళ్లనివ్వమని వారి గిరిజన మండలి పదేపదే కోరింది. ఆ కాలనీల్లో పుట్టిన పిల్లలకు క్యాంప్‌బెల్ బే పాఠశాలలు దగ్గర. తాతల కొబ్బరితోటలు దూరం. చదువు కావాలంటే ఊరు వదులుకోవాలి, ఊరు కావాలంటే చదువు వదులుకోవాలి అనే స్థితి ఒక తరమంతా కొనసాగడం న్యాయం కాదు. ఆ దీవిలో తలపెట్టిన వేల కోట్ల రూపాయల రేవు, విమానాశ్రయం, నగర నిర్మాణ పథకం, వారిని పూర్వపు ఊళ్లకు వెళ్లనివ్వడంపై నిర్ణయాన్ని మరింత తొందరపెడుతోంది.

ఈ చరిత్ర నుంచి తీయదగిన నిర్ణయాలు ఆచరణకు అందనివేమీ కావు. జనం తిరిగి వెళ్లదలచిన ఊరికి ఇళ్లతో పాటే, వీలైతే ఇళ్లకన్నా ముందే, చిన్నదైనా సరే ఒక ప్రాథమిక పాఠశాలను, ఆ భాష మాట్లాడే ఉపాధ్యాయుణ్ణి పంపాలి. పిల్లవాడి చేరికకు చిరునామానో పట్టానో ప్రమాణం కాకూడదు. పై తరగతుల వసతి గృహాలు సెలవుల్లోనే కాక పంటలకూ పండుగలకూ పిల్లలను ఇంటికి పంపేలా, పెద్దలు వచ్చిపోయేలా నడవాలి. పునరావాస పథకం గీసేటప్పుడు బడి ఎక్కడ ఉండాలో గిరిజన మండలితోనూ కెప్టెన్లని పిలిచే గ్రామ పెద్దలతోనూ కూర్చుని నిర్ణయించాలి. మూస్ గ్రామంలో ఒక తమిళ ఉపాధ్యాయుడు నికోబారీ ఇళ్ల మధ్య బల్ల వేసుకుని కూర్చున్ననాటి నుంచి నేటిదాకా ఈ దీవుల్లో ఫలించిన ప్రతి ప్రయత్నం ఈ దారినే నడిచింది. విఫలమైన ప్రయత్నాలు దీన్ని విస్మరించాయి. ఇంటిని కట్టడానికి ఏళ్లు పట్టవచ్చు; బిడ్డను తనవాళ్లతో కలిపి ఉంచి చదివించడం మాత్రం మొదటి రోజు నుంచే ప్రభుత్వం చేయగలిగిన పని, చేయవలసిన పని.